ఒకటిన్నర వోల్టు ఎంతసేపు?

పాత ట్రాన్సిస్టర్ రేడియోలో ఛార్జింగ్ సెల్లులు వేయవచ్చా అని అడిగితే దుకాణంలో దాదాపు ఎప్పుడూ ఒకే జవాబు వస్తుంది. మామూలు సెల్లు 1.5 వోల్టులు, ఛార్జింగ్ సెల్లు 1.2 వోల్టులు. ఆరు సెల్లులు పట్టే రేడియోకి 9 వోల్టులు కావాలి, ఇవి 7.2 మాత్రమే ఇస్తాయి. అందుచేత రేడియో పలకదు, పలికినా గొంతు పీలగా వస్తుంది. ఈ లెక్కలో గుణకారం సరైనదే. కానీ 1.5 అన్న అంకె సెల్లు జీవితంలో తొలి గంటలకే చెందుతుంది. పాత పరికరాలు తయారుచేసినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. వోల్టేజి రోజురోజుకీ పడిపోతూ ఉండే సెల్లు కోసమే వాళ్లు సర్క్యూట్లు గీశారు. అందుకే సరైన రకం ఛార్జింగ్ సెల్లు ఎక్కువ పాత పరికరాలకు సరిపోతుంది, కొన్నింటికి డ్రై సెల్లు కంటే మేలు కూడా చేస్తుంది. సరిపడని చోట్లు లేకపోలేదు. అయితే వాటిలో కొన్నిచోట్ల కారణం 1.2 అన్న అంకె కాదు.

ఈ చర్చకు ముంబయిలోని కామాఠీపుర తగిన చోటు. నిజాం ఇలాకా నుంచి బొంబాయికి వలసవచ్చి భవనాలూ రోడ్లూ కట్టిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలన్నారు. వాళ్లు స్థిరపడిన పేటకు వాళ్ల పేరే మిగిలింది. తర్వాతి తరాల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు బట్టల మిల్లులకు వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో, అంటే వరుస గదుల భవనాల్లో, కాపురాలు పెట్టారు. వర్లీ, నయగావ్ బీడీడీ చాళ్లలో ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. అంత ఇరుకు గదిలో గోడ మేకుకు తగిలించుకుని, కావాలంటే వరండాలోకి పట్టుకెళ్లే రేడియో ఎంత అనువైన వస్తువో వేరే చెప్పక్కర్లేదు. పాత రేడియో కొనడానికి మటన్ స్ట్రీట్‌లోని చోర్ బజారు, విడిభాగాలకు లామింగ్టన్ రోడ్డు కామాఠీపుర గల్లీలకు నడిచి వెళ్లేంత దగ్గర. పైగా తెలుగు శ్రోతకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన అవసరం ఉంది. మీడియం వేవ్ తరంగాలను పగటిపూట అయనావరణంలోని కింది పొర మింగేస్తుంది. రాత్రి ఆ పొర పలచబడి, తరంగాలు పై పొరకు తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. 738 కిలోహెర్ట్జ్ మీద ప్రసారమయ్యే హైదరాబాద్ ఆకాశవాణి మంచి రేడియోకు ముంబయిలో అందే అవకాశం ఉన్నది అలాంటి రాత్రుళ్లలోనే. వచ్చే సంకేతం బలహీనం. అందువల్ల రేడియోకు కరెంటు ఎంత ఇస్తున్నామన్నది ఎంత ముఖ్యమో, ఎంత నిశ్శబ్దంగా ఇస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండో విషయం దుకాణంలో చెప్పే జవాబులో అసలు రాదు.

ముందు డ్రై సెల్లు సంగతి. 1866లో ఫ్రాన్సుకు చెందిన జార్జ్ లెక్లాంషే రూపొందించిన సెల్లుకు వారసురాలే మన కిరాణా కొట్టు సెల్లు. ఎవరెడీ అయినా, నెల్లూరులో తయారయ్యే నిప్పో అయినా లోపలి రసాయనం అదే కుటుంబానిది. బయటి జింకు డబ్బాయే రుణధ్రువం, నడుమ కార్బన్ కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడు కలిసిన నల్లటి ముద్ద. కరెంటు తీస్తున్నకొద్దీ ఆ ముద్దలో రసాయనం మారిపోతుంది, అయాన్లు కదిలే దారి మూసుకుపోతూ ఉంటుంది, వోల్టేజి మెల్లగా జారుతుంది. కొంతసేపు ఆపితే ముద్ద లోపలి అయాన్లు సర్దుకుని వోల్టేజి కాస్త కోలుకుంటుంది. నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి మళ్లీ వాడుకునే అలవాటుకు మూలం ఇదే. ఎండ వేడి రసాయన చర్యను వేగపరుస్తుంది, విశ్రాంతి ముద్దను సర్దుతుంది, రేడియో ఇంకో పూట పలుకుతుంది. కొత్త శక్తి మాత్రం ఏమీ చేరదు. మొత్తం మీద డ్రై సెల్లు 1.5 దగ్గర నిలిచే కాలం బహు కొద్ది. దాని జీవితంలో పెద్ద భాగం 1.3కూ 1.0కూ మధ్యనే గడుస్తుంది. సెల్లులను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణాల్లో రేడియో వాడకానికి చాలాకాలం పెట్టుకున్న ఆఖరి హద్దు 0.9 వోల్టు. అంటే సెల్లు 0.9కి దిగేదాకా రేడియో పలకాలన్నది తయారీదారులందరూ ఒప్పుకున్న మాట.

ఇప్పుడు అదే ఆరు సెల్లుల లెక్క మళ్లీ వేద్దాం. కొత్తవి 9 వోల్టులు. 0.9కి దిగాక 5.4. ఈ రెంటికీ సరిగ్గా నడిమధ్య పడే అంకె 7.2. రేడియోకు చాలదని దుకాణంలో చెప్పిన ఆ 7.2 నిజానికి డ్రై సెల్లుతో నడిచే రేడియో తన సగటు రోజున చూసే వోల్టేజి. మొదట చెప్పిన సరైన రకం ఛార్జింగ్ సెల్లు, అంటే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, నిండుగా ఛార్జి అయినప్పుడు 1.4 దాకా చూపి, కాసేపటికే 1.25 దగ్గరికి వచ్చి, శక్తిలో ఎక్కువ భాగాన్ని 1.2 చుట్టుపక్కలే ఇస్తుంది. చివరలో 1.1 దాటి గబగబా 1.0కి పడుతుంది. ఆరు సెల్లులు 1.0కి వచ్చినా మొత్తం 6 వోల్టులు, రేడియో హద్దు 5.4కి పైనే. సెల్లులో దాచిన శక్తి అంతా రేడియోకు అందుతుందన్నమాట.

ఈ మాటకు టార్చిలైటు బల్బు ఇంకా గట్టి సాక్ష్యం. రెండు సెల్లుల టార్చికి వేసే బల్బు మీద 3 వోల్టులని ఉండదు, 2.5 అని ఉంటుంది. మూడు సెల్లుల దాని మీద 4.5 బదులు 3.8. అమెరికాలో వాడుకలోకి వచ్చిన పీఆర్2 బల్బు రెండు సెల్లులకు 2.38 వోల్టులు, పీఆర్3 మూడు సెల్లులకు 3.57. భాగించి చూస్తే ఈ చివరి రెంటిలోనూ సెల్లుకు 1.19 వోల్టులు పడుతుంది. ఛార్జింగ్ సెల్లులు ఇంట్లోకి రాకముందే బల్బు చేసినవాడు సెల్లు నుంచి ఆశించింది దాదాపు 1.2 వోల్టులే. తీగ బల్బు వెలుగు వోల్టేజితో పాటు సమానంగా తగ్గదు, ఇంచుమించు మూడున్నర ఘాతంలో తగ్గుతుంది. 2.5 వోల్టుల బల్బుకు 2.4 ఇస్తే వెలుగు ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ తగ్గుతుంది, కంటికి అది పెద్ద తేడా కాదు. 2.0 ఇస్తే సగానికంటే కిందికి పోతుంది. డ్రై సెల్లులతో టార్చి కొన్నాళ్లు తెల్లగా, ఆపైన చాలాకాలం పచ్చగా వెలగడానికీ, ఛార్జింగ్ సెల్లులతో మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా వెలిగి ఒక్కసారిగా నీరసించడానికీ కారణం ఈ లెక్కే.

వోల్టేజి పక్కన లోపలి నిరోధం అనే ఇంకో గుణాన్ని చేర్చి చూడాలి, ఎందుకంటే పెట్టెలోంచి తీసి మీటరుతో కొలిచిన వోల్టేజి పరికరానికి అందే వోల్టేజి కాదు. వాడిన పెన్సిల్ డ్రై సెల్లు లోపలి నిరోధం అర ఓము దాటడం మామూలే. మూడు వందల మిల్లీ ఆంపియర్లు లాగే బల్బు పెడితే 0.15 వోల్టు సెల్లు లోపలే పోతుంది. మంచి నికెల్ సెల్లు నిరోధం ఓములో వందో వంతుల లెక్కలో ఉంటుంది, అదే బల్బుకు అది పోగొట్టేది 0.01 వోల్టు. లేబుల్ మీద కనిపించే 0.3 వోల్టు తేడాలో సగం ఇక్కడే కరిగిపోతుంది. క్యాసెట్ మోటారు తిరిగే పాత టూ-ఇన్-వన్‌లో, బల్బు టార్చిలో, ఎక్కువ కరెంటు లాగే ఏ పరికరంలోనైనా ఛార్జింగ్ సెల్లు డ్రై సెల్లుకంటే ముందుండేది ఈ కారణంగానే.

రేడియోలో ఈ గుణం ఇంకో రూపంలో బయటపడుతుంది. ట్రాన్సిస్టర్ రేడియో స్పీకరును నడిపే భాగం శబ్దం పెరిగినప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది. మృదంగం దెబ్బ పడ్డప్పుడు ఒక్క క్షణం సెల్లుల మీద భారం పడి, నిరోధం ఎక్కువైన ముసలి సెల్లుల వోల్టేజి కిందికి కుంగుతుంది. ఆ కుంగుడు రేడియో తొలి దశలకు పాకి, అక్కడ పెద్దదై, మళ్లీ స్పీకరులోంచి వస్తుంది. ఈ చక్రం ఆగకుండా తిరిగితే బడబడమని పడవ ఇంజను లాంటి మోత. చాలామంది దీన్ని రేడియో చెడిపోవడమనుకుని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తారు. వోల్టేజి 7 ఉన్నా నిరోధం ఎక్కువున్న డ్రై సెల్లులతో ఈ మోత రావచ్చు, 7 వోల్టుల నికెల్ సెల్లులతో సాధారణంగా రాదు. గొంతు పీలగా ఉంటుందన్న అనుమానానికీ లెక్కతోనే జవాబుంది. స్పీకరుకు అందగల గరిష్ఠ శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది: 7.2ను 9తో భాగించి వర్గం చేస్తే 0.64. అంటే 64 శాతం. వినడానికి మూడోవంతు పోయినట్టుంది. చెవి అలా వినదు. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే శక్తి దాదాపు పదింతలు కావాలి. 64 శాతమంటే రెండు డెసిబెల్లకంటే తక్కువ తేడా, పక్కపక్కన పెట్టి పోల్చి వింటే తప్ప తెలియదు. అదీ వాల్యూమ్ పూర్తిగా పెంచినప్పటి మాట. ఖోలీలో నలుగురు వినే మామూలు స్థాయిలో ఆ తేడా కూడా ఉండదు.

ముంబయి నగరంలో కరెంటు పోవడం అరుదు, పాత సెల్లుల గొడవంతా ఎందుకు, గోడ ప్లగ్గుతో నడిపే ఎలిమినేటర్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. స్థానిక స్టేషన్లు మాత్రమే వినేవాళ్లకు ఎలిమినేటర్ చాలు. దూరపు మీడియం వేవ్ వినాలంటే చిక్కు వస్తుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎలిమినేటర్ గుయ్యిమంటుంది. ఇప్పుడు చవకగా దొరికే తేలికపాటి అడాప్టర్లు సెకనుకు వేలు, లక్షల సార్లు స్విచ్ అవుతూ పనిచేస్తాయి, ఆ స్విచింగ్ రొద రేడియో యాంటెన్నాలోకే దూరుతుంది. గోడ తీగల్లో ఇరుగుపొరుగు ఎల్ఈడీ దీపాల రొద కూడా ఉంటుంది, ప్లగ్గు పెట్టగానే అదీ లోపలికి వస్తుంది. బలహీనమైన హైదరాబాద్ సంకేతం వీటి కింద మునిగిపోతుంది. ఇదే కారణంగా, ఈమధ్య వచ్చిన 1.5 వోల్టుల లిథియం ఛార్జింగ్ సెల్లులు కూడా రేడియోకు మంచి ఎంపిక కావు. లేబుల్ మీద సరైన అంకె కనిపిస్తుంది గనక వాటిని కొనాలనిపిస్తుంది. కానీ లోపల ఉన్నది 3.7 వోల్టుల లిథియం సెల్లు, దాన్ని 1.5కి దించే చిన్న స్విచింగ్ సర్క్యూట్. ఆ సర్క్యూట్లు తరచు పనిచేసే పౌనఃపున్యాలు మీడియం వేవ్ ఉండే 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ పరిధిలోనో, దాని పక్కనో పడతాయి. రేడియో పొట్టలోనే రొద చేసే యంత్రాన్ని పెట్టినట్టవుతుంది. నికెల్ సెల్లులో ఏ సర్క్యూటూ లేదు, రసాయనం శబ్దం చేయదు. బొమ్మలకూ టార్చిలకూ ఆ లిథియం సెల్లులు బాగానే ఉంటాయి. కానీ దించే సర్క్యూట్ లేని, పెన్సిల్ సెల్లు ఆకారంలోనే ఉండే ఉత్త 3.7 వోల్టుల లిథియం సెల్లులు కూడా అమ్ముతారు. వాటిని పాత పరికరంలో వేస్తే అది కాలిపోవచ్చు. లామింగ్టన్ రోడ్డులో కొనేటప్పుడు లేబుల్ మీద వోల్టేజి చదివి తీసుకోవాలి.

ఛార్జింగ్ సెల్లులు వాడకుండా ఉంచినా వాటంతటవే దిగిపోతాయన్న ఫిర్యాదు ఒకప్పుడు పూర్తిగా నిజం. పాతరకం నికెల్ హైడ్రైడ్ సెల్లు నెలలోనే నాలుగో వంతు దాకా పోగొట్టుకునేది. 2005లో జపాన్‌లోని సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో తెచ్చిన సెల్లు ఏడాది తర్వాత కూడా 85 శాతం నిలుపుకుంటుందని చూపించింది. ఆ కంపెనీ పానసోనిక్‌లో కలిసిపోయింది, ఆ రకం సెల్లులు ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. కొనేటప్పుడు నిల్వ ఉండే రకమా అని అడగాలి. లేబుల్ మీద మరీ పెద్ద అంకెలు వేసిన సెల్లుల కంటే 1900, 2000 మిల్లీ ఆంపియర్-గంటలని వేసిన ఈ రకం నమ్మదగినది. పెద్ద రేడియోలకు పట్టే లావు సెల్లుల విషయంలో ఇంకో చిక్కుంది. లావు ఛార్జింగ్ సెల్లు అని అమ్మేవాటిలో కొన్ని లోపల పెన్సిల్ సెల్లంతే ఉంటాయి, బయట డబ్బా మాత్రమే లావు. అంతకంటే పెన్సిల్ సెల్లులే కొని, వాటిని లావు సెల్లుల గూట్లో కూర్చోబెట్టే ప్లాస్టిక్ తొడుగులు వాడటం నయం. శక్తి తక్కువేగా అంటే లెక్క చూడండి. మామూలు స్థాయిలో పాటలు వినే రేడియో సగటున 30 మిల్లీ ఆంపియర్లు లాగిందనుకుంటే 2000 మిల్లీ ఆంపియర్-గంటలు 66 గంటలకు వస్తాయి. రోజుకు మూడు గంటలు వింటే మూడు వారాలు. ఆదివారం పొద్దున ఛార్జర్‌లో పెట్టడం అలవాటైతే అది భారం అనిపించదు.

అసలు జాగ్రత్త పడవలసింది ఇంకో చోట ఉంది. పాత రేడియో 5.4 వోల్టుల దాకా పలుకుతుందన్న గుణం ఛార్జింగ్ సెల్లులకు ముప్పు కూడా తెస్తుంది. ఆరు సెల్లులూ అచ్చంగా ఒకేలా ఉండవు. వాటిలో బలహీనమైనది ముందుగా ఖాళీ అవుతుంది. మిగతా ఐదూ 1.1 దగ్గర ఉంటే మొత్తం 5.5, రేడియో పలుకుతూనే ఉంటుంది. ఆ సమయంలో ఐదు సెల్లుల కరెంటు ఖాళీ అయిన ఆరో సెల్లు గుండా వెనక్కి తిరిగిన ధ్రువాలతో దూరి దాన్ని దెబ్బతీస్తుంది. నాలుగైదుసార్లు ఇలా జరిగితే ఆ సెల్లు పనికిరాకుండా పోతుంది, అప్పుడు నింద ఛార్జింగ్ సెల్లుల జాతి మొత్తం మీద పడుతుంది. ఫోనుల్లో, కెమెరాల్లో తక్కువ వోల్టేజికి ఆపేసే ఏర్పాటు ఉంటుంది, పాత రేడియోలో ఉండదు, ఆ పని మనిషే చేయాలి. పెద్ద శబ్దాల దగ్గర గొంతు చీలినట్టు వినిపించిన వెంటనే ఆపేయాలి. అంతకంటే మంచిది, వారాలు లెక్కపెట్టుకుని ముందే ఛార్జి చేయడం. పూర్తిగా దించాకే ఛార్జి పెట్టాలన్న నమ్మకం పాత నికెల్ కాడ్మియం సెల్లుల కాలం నుంచి వచ్చింది. నికెల్ హైడ్రైడ్ సెల్లులకు ఆ నియమం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఒక రేడియోలో వేసినవన్నీ ఒకే కంపెనీవీ ఒకేసారి కొన్నవీ అయి ఉండాలి, డ్రై సెల్లుతో కలపకూడదు.

తక్కువ నిరోధానికి కూడా ఒక చెడ్డ పక్క ఉంది. డ్రై సెల్లుల తీగలు పొరపాటున కలిసిపోతే కొన్ని ఆంపియర్ల కరెంటు పారి, సెల్లులు వేడెక్కి నీరసిస్తాయి. నికెల్ సెల్లుల నుంచి పదుల ఆంపియర్లు పారి తీగ తోలు కరిగిపోవచ్చు. చోర్ బజారులో కొన్న రేడియోలో ఎలుకలు కొరికిన తీగలు, ఎవరో అతికించి వదిలేసిన టంకం ఉండే అవకాశం ఎక్కువ. సెల్లుల పెట్టె నుంచి వచ్చే ఎర్ర తీగలో అర ఆంపియర్ ఫ్యూజు ఒకటి చేర్పించడం చిన్న పని, రిపేరు తెలిసినవాళ్లు నిమిషాల్లో చేస్తారు. ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే పాటిస్తామంటే ఇది పాటించండి.

ఛార్జింగ్ సెల్లు సరిపడని పరికరాలు ఏవో స్పష్టంగా చెప్పుకోవచ్చు. గోడ గడియారం వాటిలో మొదటిది. అది లాగే కరెంటు మిల్లీ ఆంపియర్‌లో ఏడో వంతు అనుకుంటే ఏడాదికి 1250 మిల్లీ ఆంపియర్-గంటలు మాత్రమే. చవకైన డ్రై సెల్లు పుట్టిందే అంత నిదానమైన పని కోసం, ఏడాదికొకసారి తప్పకుండా మార్చితే చాలు. టీవీ రిమోట్ కూడా అంతే. రక్తపోటు కొలిచే యంత్రాలు, కొన్ని డిజిటల్ పరికరాలు తక్కువ వోల్టేజి హెచ్చరికను 1.1, 1.2 దగ్గర పెట్టుకుంటాయి. అక్కడ మాత్రం దుకాణదారు చెప్పేది నిజమే, సెల్లు నిండుగా ఉన్నా యంత్రం ఖాళీ అంటుంది. పాత ఫిల్ము కెమెరాల మీటర్లు 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లు మీద ఆధారపడ్డాయి, అవి ఇప్పుడు తయారు కావడం లేదు. వాటికి 1.2 కూడా తప్పే, 1.5 కూడా తప్పే. వినికిడి యంత్రాల 1.4 వోల్టుల జింక్-ఎయిర్ సెల్లులు వాటికి దగ్గరగా సరిపోతాయి. మూడు చిన్న సెల్లులతో వెలిగే చవక ఎల్ఈడీ టార్చి ఛార్జింగ్ సెల్లులతో మందంగా వెలుగుతుంది, ఎందుకంటే తెల్ల ఎల్ఈడీకే దాదాపు 3 వోల్టులు పోతాయి, మిగిలే కొద్ది వోల్టేజిలో 0.9 తగ్గడం పెద్ద తేడా.

ఖర్చు మాట. పెన్సిల్ డ్రై సెల్లు ఒకటి పది రూపాయలనుకుంటే అందులో దొరికే శక్తి సుమారు ఒక వాట్-గంట. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్-గంటలు. డ్రై సెల్లుల రూపంలో యూనిట్ కరెంటు ధర పదివేల రూపాయలైంది. ఛార్జింగ్ సెల్లు ఒకసారి నింపడానికి నష్టాలతో కలిపి నాలుగు వాట్-గంటలు పట్టిందనుకుంటే ఒక్క యూనిట్‌తో 250 సార్లు నింపవచ్చు. అయినా ఆరు సెల్లులకూ ఛార్జరుకూ మొదట పెట్టే డబ్బు చాళ్‌లో ఉండే కుటుంబానికి చిన్నది కాదు. రెండువేలు అయిందనుకుంటే, మూడు వారాలకొకసారి ఛార్జి చేసే ఇంట్లో అది ఏడాది, రెండేళ్లలో తిరిగి వస్తుంది. పండగకో పబ్బానికో రేడియో పెట్టేవాళ్లకు ఎప్పటికీ తిరిగి రాదు, వాళ్లు డ్రై సెల్లులే కొనుక్కుని పని కాగానే తీసి పక్కన పెట్టాలి. ఛార్జర్ విషయంలో పొదుపు చేయకూడదు. సెల్లు నిండిన క్షణాన దాని వోల్టేజి కొద్దిగా కిందికి జారుతుంది. మంచి ఛార్జర్ ప్రతి సెల్లునూ విడిగా గమనిస్తూ ఆ జారుడును పట్టుకుని ఆపుతుంది. ఎర్ర దీపం ఒక్కటే వెలిగే చవక ఛార్జర్ ఆపదు, రాత్రంతా ఉంచితే సెల్లులను ఉడికిస్తుంది.

పాత పరికరాన్ని నిలుపుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకు వోల్టేజి కంటే, ఖర్చు కంటే పెద్ద కారణం కారడం. డ్రై సెల్లులో జింకు డబ్బాయే కరిగిపోతూ కరెంటు ఇస్తుంది, చివరికి డబ్బాకు చిల్లుపడి ఆమ్ల గుణమున్న ద్రవం బయటికొస్తుంది. ఆల్కలైన్ సెల్లులో ఖాళీ అయ్యాక హైడ్రోజన్ పుట్టి, ఆ ఒత్తిడికి మూత సడలి, పొటాషియం హైడ్రాక్సైడ్ కారి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లటి పొడిగా పేరుకుంటుంది. రెండూ స్ప్రింగులనూ రాగి దారులనూ తినేస్తాయి. ముంబయి నాలుగు నెలల వానాకాలపు తేమలో ఆ తినడం ఇంకా వేగంగా సాగుతుంది. చోర్ బజారులో కనిపించే పాత రేడియోల సెల్లుల పెట్టె తెరిచి చూస్తే వాటిని చంపినదేదో తెలిసిపోతుంది. నికెల్ హైడ్రైడ్ సెల్లులో కూడా ఉన్నది క్షారమే. కానీ పుట్టిన వాయువు లోపలే తిరిగి కలిసిపోయేలా దాన్ని నిర్మించారు, ఉక్కు డబ్బా చర్యలో కరగదు, అతిగా ఛార్జి చేయకపోతే కారడం చాలా అరుదు. తరచు తీసి ఛార్జి చేయడం వల్ల సెల్లుల పెట్టె మనిషి కంటికి తరచు కనబడుతుంది, అదీ లాభమే. ఇప్పటికే పొడి పట్టిన స్ప్రింగులను శుభ్రం చేయాలంటే, ఆల్కలైన్ తెల్లపొడికి నిమ్మరసం, మామూలు డ్రై సెల్లు జిగటకు వంటసోడా నీళ్లు, ఆ తర్వాత తడిగుడ్డ, చివర స్పిరిట్.

సెల్లులు చచ్చాక ఎక్కడికి పోతాయన్నది కామాఠీపురకు ఊరికే వచ్చిన ప్రశ్న కాదు. ముంబయిలో పాత కంప్యూటర్లనూ టీవీలనూ విడగొట్టే పని జరిగే చోట్లలో కుర్లా, సాకీనాకాలతో పాటు గ్రాంట్ రోడ్డు-కామాఠీపుర ప్రాంతం కూడా ఉంది. ఇంటి చెత్తలో వేసిన సెల్లు దేవనార్, కాంజూర్‌మార్గ్ కుప్పలకు చేరుతుంది. తుక్కులో అమ్మిన రేడియోలో మిగిలిపోయిన సెల్లు దాన్ని చేతులతో విప్పేవాళ్ల ముందుకు వస్తుంది. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చిన్న సెల్లులకూ వర్తిస్తాయి, వాడేసినవాటిని వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. మూడు వారాలకొకసారి ఆరు చొప్పున డ్రై సెల్లులు పారేసే ఇల్లు ఏడాదికి నూరుకు పైగా పారేస్తుంది, అవే ఆరు ఛార్జింగ్ సెల్లులు కొన్నేళ్లు పనిచేస్తాయి. తీగ లేని పాత ఫోనుల్లో, పాత షేవింగ్ మిషన్లలో ఉండే నికెల్ కాడ్మియం సెల్లులది మాత్రం వేరే కథ. కాడ్మియం మూత్రపిండాలను పాడుచేసే విషం. అలాంటివి ఇంట్లో ఉంటే వాటి స్థానంలో నికెల్ హైడ్రైడ్ వేయించి, తీసినవాటిని ధ్రువాలకు టేపు అంటించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికే ఇవ్వాలి. బీడీడీ చాళ్లలో, రేపు కామాఠీపురలో, పాత ఖోలీలు ఖాళీచేసి కొత్త టవర్లకు మారే కుటుంబాలు అటకల మీది రేడియోలనూ టార్చిలనూ ఒకేసారి బయట పెడుతున్న కాలమిది. అమ్మేవైనా, ఉంచుకునేవైనా, ముందు వాటి వెనక మూత తెరిచి సెల్లులు తీసేయండి.